తోడు గడిలో రాహేలు పేరు

తార్నాకలో, యూనివర్సిటీ క్యాంపస్ గోడను ఆనుకుని, సుబోధినీ ట్రస్టు వారి విద్యార్థినుల వసతి గృహం ఉంది. దాని గేటు దగ్గర వాచ్‌మన్ బల్ల మీద ఒక పొడుగాటి రిజిస్టరు ఉంటుంది. బయటికి వెళ్ళే ప్రతి అమ్మాయీ అందులో పేరు, గది నంబరు, వెళ్ళే చోటు, వెళ్ళిన వేళ, తిరిగి వచ్చిన వేళ రాయాలి. కొత్తగా చేరిన వాళ్ళకి ఇంకో గడి కూడా ఉంది. దాని పేరు 'తోడు'. మొదటి మూడు నెలలు, క్లాసులకు తప్ప, తోడు లేకుండా ఎవరూ గేటు దాటకూడదు.

పదకొండేళ్లుగా ఆ మూడు నెలల్లో వచ్చే ప్రతి ఆదివారం ఆ గడిలో ఒకే పేరు కనిపిస్తుంది. వేదవతి, మేట్రన్. ఈ పదకొండేళ్లలో వేదవతి గారు ఒక్క ఆదివారం కూడా ఆ పిల్లలతో బస్సెక్కలేదు. ఎక్కిన మనిషి రాహేలు.

రాహేలు ఆ హాస్టల్లో ఊడ్చే మనిషి. మూడంతస్తుల వరండాలు, నలభై గదుల ముందరి నడవ, పది బాత్రూములు ఆమె పని. జీతం ఇచ్చేది హాస్టలు కాదు, ఒక ఏజెన్సీ. అంటే ఆమె రోజూ వచ్చే చోట ఆమె ఎవరూ కాదు. ఇలాంటి పనుల్లో ఉన్న ఆడవాళ్ళు ఏ కులాల వాళ్ళో నేను వేరే చెప్పనక్కర్లేదు. చదువుతున్న మీకూ తెలుసు.

ఆమె పుట్టింది మెదక్ దాటాక ఒక చిన్న ఊళ్ళో. పెళ్ళయి లాలాపేట్‌కి వచ్చింది. భర్త మౌలాలీ గూడ్సు షెడ్డులో హమాలీ. ఊళ్ళో బడికి మూడో తరగతి దాకా వెళ్ళింది కాబట్టి అంకెలు బాగా వచ్చు. అక్షరాలు మాత్రం పలకతో పాటే పోయాయి. కాపురానికి వచ్చిన వారం రోజులకే సికింద్రాబాదు స్టేషన్‌కి పోదామని తప్పు బస్సెక్కింది. ఎంతసేపు పోయినా స్టేషన్ రాలేదు. అందరూ దిగిపోయారు. బస్సు ఆగిపోయింది. చూస్తే అఫ్జల్‌గంజ్. సీట్లో కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంటుంటే కండక్టరు చూశాడట.

"ఏందమ్మా, ఏడుస్తున్నవు?"

"ఇల్లు తెల్వదన్నా."

"ఏడ ఎక్కినవు?"

"లాలాపేట్ల."

"మరింకేంది? ఇదే బస్సు మళ్ల వాపస్ పోతది. గట్లనే కూసో."

ఆమె అట్లాగే కూర్చుంది. బస్సు తిరిగి లాలాపేట్ తెచ్చి దింపింది. ఆ రోజు ఆమెకి ఈ నగరం గురించి ఒక సంగతి తెలిసింది. ఇక్కడ దారి తెలియకపోయినా ఫరవాలేదు. బస్సును వదలకుండా ఉంటే చాలు. ఏ బస్సు అయినా చివరి స్టాపు దాకా పోతుంది, పోయిన బస్సు తిరిగి వస్తుంది. అప్పటినుంచి సెలవు దొరికినప్పుడల్లా తార్నాకలో నిలబడి వచ్చిన బస్సల్లా ఎక్కేది. చివరి దాకా పోయేది. డ్రైవరు చాయ్ తాగే పావుగంటలో అక్కడేముందో చూసి, అదే బస్సులో వచ్చేసేది. అదే బస్సని గుర్తుపట్టడానికి వెనక రాసి ఉండే నంబరులో చివరి నాలుగంకెలు చదువుకునేది. ఇట్లా ఆమె హైదరాబాదు చూసింది. మనం చార్మినార్ దగ్గర మొదలుపెట్టి చూస్తాం. ఆమె చివరి స్టాపుల నుంచి లోపలికి చూసుకుంటూ వచ్చింది.

పదకొండేళ్ల కిందట ఒక రోజు ఆమె వరండా ఊడుస్తుంటే కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె మెట్ల మీద కూర్చుని ఉంది. నాగర్‌కర్నూలు వైపు పిల్ల. వచ్చి నెల అయింది.

"ఏం బిడ్డా, ఊరు చూసినవా?"

"చూసిన పెద్దమ్మా. ఫోన్ల."

"ఫోన్ల చూసుడేంది?"

"పోనీకి భయమైతది. బస్సు తప్పితే ఎట్ల?"

రాహేలు చీపురు గోడకి ఆనించి మేట్రన్ వేదవతి దగ్గరికి వెళ్ళింది. ఈ పిల్లని ఒకసారి బస్సులో తిప్పి తీసుకొస్తానని అడిగింది. వేదవతి చెడ్డ మనిషి కాదు. కాసేపు ఆలోచించింది.

"తోడు వెళ్ళేది హాస్టలు స్టాఫ్ అయుండాలి రాహేలూ. నువ్వు ఏజెన్సీ మనిషివి. నీ పేరు రాస్తే రేపు పైవాళ్ళు నన్ను అడుగుతారు."

"మరెట్ల అమ్మా?"

"నా పేరు రాయిస్తాను. నువ్వు తీసుకెళ్ళు. సరేనా?"

"సరే అమ్మా."

ఆ 'సరే' పదకొండేళ్లు నడిచింది. వేదవతి పేరు గడిలోకి వెళ్ళేది. వేదవతి మాత్రం రామంతాపూర్‌లో ఉన్న చెల్లెలింటికి భోజనానికి వెళ్ళేది. రాహేలు లాలాపేట్ చర్చిలో ఆరాధన ముగించుకుని, వారానికి దొరికే ఒక్క సెలవునీ వదులుకుని, పదకొండింటికి గేటు దగ్గరికి వచ్చేది. మీ పేరు రాయనందుకు ఎప్పుడూ ఏమీ అనిపించలేదా అని అడిగితే ఆమె అన్న మాట ఇది: "పేరుతోని నాకేం పని? పిల్లలు పోతే చాలనుకున్న." ఇలాంటి మాటని మనం మంచితనం అని మెచ్చుకుని ఊరుకుంటాం. మెచ్చుకుంటే మనకేమీ పని పడదు కాబట్టి.

ఆమె పద్ధతి ఇది. మొదటి ఆదివారం గేటు దగ్గర పిల్లల్ని నిలబెట్టి రెండు నియమాలు చెప్పేది. "ఎక్కిన బస్సే మనల్ని వాపస్ తెస్తది, అది యాది పెట్టుకోండ్రి. మంది నుంచి తప్పిపోతే చివరి స్టాపుకి రండ్రి. గంతే." తర్వాత తార్నాకలో మూడు నంబరు బస్సు ఎక్కించేది. ఎవరూ మధ్యలో దిగరు. అఫ్జల్‌గంజ్ దాకా పోయి, మూసీ ఒడ్డున ఉన్న పెద్ద లైబ్రరీ మెట్ల దాకా నడిచి, వంతెన మీద ఒక నిమిషం నిలబడి, అదే బస్సులో తిరిగి రావడమే. రెండో ఆదివారం అక్కడే దిగి, ఆ బస్సు ఒక ట్రిప్పు కొట్టి తిరిగి వచ్చేదాకా చార్మినార్ వైపు నడవడం. మూడో ఆదివారం ఎదురు దిక్కుగా మౌలాలీ. గుట్ట మీది దర్గా దాకా వందల మెట్లెక్కించి, పైన కూర్చోబెట్టి వేలు పెట్టి చూపించేది.

"గాడ పచ్చగ ఉన్నది చూడు, మీ క్యాంపస్. గీడ రేకులు కనబడుతున్నయి కదా, మా ఇల్లు."

"నడుమ గంత ఊరున్నదా పెద్దమ్మా?"

"మరి రోజు గీ ఊరంత దుమ్ము మీ చెప్పులకే అంటుకొని వస్తది. నేను ఊడ్సేది గదే."

నాలుగో ఆదివారం నుంచి పిల్లల్నే అడిగేది, ఏ బస్సు ఎక్కుదామని. ఎవరికి ఏ నంబరు తోస్తే ఆ నంబరు. ఒక ఏడు ఎవరో తన హాల్ టికెట్ చివరి అంకెలు ఉన్న బస్సు కావాలందట. అది కుషాయిగూడ డిపోకి పోయింది. అక్కడ చూడడానికి ఏమీ లేదు, ఒక మిర్చి బజ్జీ బండి తప్ప. ఆ బ్యాచ్ పిల్లలు కోటల కంటే ఆ బండినే ఎక్కువ తలుచుకుంటారని చెబుతారు. మెట్రో అంటే మాత్రం రాహేలుకి పడదు. "దాంట్ల నుంచి చూస్తే మేడల నెత్తులే కనబడతయి. మనుషులు కనబడరు," అంటుంది.

ఆడవాళ్ళకి బస్సు టికెట్టు లేకుండా చేసినప్పటినుంచి బస్సులు కిక్కిరిసి పోతున్నాయి. కండక్టరు ఆధార్ చూసి జీరో టికెట్టు ఇస్తాడు. ఆ చీటీలన్నీ పిల్లల చేతుల్లోంచి రాహేలు తీసేసుకుంటుంది. అవే ఆమెకి లెక్క. దిగగానే చేతిలో చీటీలు ఎన్నో, ఎదురుగా పిల్లలు అంతమంది ఉండాలి. ఇంటికి తీసుకుపోయి బిస్కెట్ డబ్బాలో వేస్తుంది. పారేయడానికి మనసు రాక వేస్తుంది, అంతే. టికెట్టు కొనుక్కునే రోజుల నాటివి కూడా అందులోనే ఉన్నాయి.

మొన్న సెప్టెంబరులో రెండో వారం, కొత్త బ్యాచ్‌కి అది మొదటి ఆదివారం. పదిమంది కొత్త పిల్లలు. వాళ్ళతో పాటు రెండో ఏడాది చదివే అక్షర కూడా సరదాకి వచ్చింది. ఆ అమ్మాయిది విజయవాడ. పోయినేడు రాహేలు వెంట తిరిగిన పిల్లే. గేటు దగ్గర వాచ్‌మన్ బిక్షం రిజిస్టరు తెరిచి, అలవాటు ప్రకారం తోడు గడిలో వేదవతి పేరు రాశాడు.

"ఏం వదినే, గీసారి ఏ దేశం?"

"అఫ్జల్‌గంజ్ దేశం. నువ్వొస్తవా?"

"నేనొస్తే గేటు ఎవరు చూస్తరు, నీ మొగడా?"

"ఆయన గేటు చూస్తే గేటే మిగలది. మోసి అమ్ముకొస్తడు."

పిల్లలు నవ్వుకుంటూ బయల్దేరారు. బస్సు నిండుగా ఉంది. కొత్త పిల్లల చీటీలు పదీ రాహేలు చేతికి వచ్చాయి. రజిని అనే అమ్మాయి జనంలో వెనక్కి నెట్టుకుపోయి వెనక తలుపు దగ్గర కిటికీ పట్టుకుని నిలబడింది. అచ్చంపేట దగ్గర ఊరు. ఆమె ఫోన్ హాస్టల్లో ఛార్జింగ్‌లో ఉండిపోయింది. కోఠి రాగానే ఆమెకి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు కనిపించాయి. గుట్టల్లో పైన, ఆమె డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో ఎప్పుడూ ఎవరో తీసుకుపోయి ఉండే ఎకనామిక్స్ పుస్తకం. ఆమె దిగింది.

ఇక్కడ రజిని ఆలోచన ఏమిటో చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దానివల్లే. ఆమె దారి తప్పాలని దిగలేదు. ఆమె లెక్క స్పష్టంగా ఉంది. మన బస్సు అఫ్జల్‌గంజ్ పోతుంది. చివరి స్టాపు కాబట్టి తిరిగి వస్తుంది. వచ్చేటప్పుడు రోడ్డుకి అటువైపు ఆగుతుంది. నేను పుస్తకం చూసుకుని అటువైపు నిలబడితే అరగంటలో అదే బస్సులో ఎక్కేస్తాను. బస్సు చివరి అంకెలు 4417. దిగేటప్పుడే చూసి గుర్తుపెట్టుకుంది.

అఫ్జల్‌గంజ్‌లో రాహేలు చేతిలో చీటీలు పది, ఎదురుగా కొత్త పిల్లలు తొమ్మిది మంది.

"రజినేది?"

ఎవరూ చూడలేదు. సరిగ్గా అప్పుడే డ్రైవరు దిగి వచ్చి, గేరు పడటం లేదని, ఈ బండి ఇక ట్రిప్పు పోదు, డిపోకే పోతుందని చెప్పాడు. 4417 వెళ్ళిపోయింది.

రాహేలు తన రెండో నియమం ప్రకారం ఆలోచించింది. మంది నుంచి తప్పిపోయిన పిల్ల చివరి స్టాపుకి రావాలి. కాబట్టి తను కదలకూడదు. మిగతా తొమ్మిదిమందిని వెంటనే పంపించాలి.

"అక్షరమ్మా, వీళ్ళను నువ్వు తీస్కపోతవా?"

"తీసుకెళ్తాను పెద్దమ్మా. మరి మీరు?"

"నేను గీడనే నిలబడతా. పిల్ల వస్తది."

చేతిలో ఫోన్ లేని మనిషి, గంటన్నర అట్లాగే నిలబడింది. పిల్ల రాలేదు. ఒక పిల్ల ఒక నియమం పట్టుకుని కోఠిలో నిలబడింది, నేర్పిన మనిషి ఇంకో నియమం పట్టుకుని అఫ్జల్‌గంజ్‌లో నిలబడింది. రెండూ ఆమె చెప్పినవే. రెండూ నిజమే. ఒకదానికొకటి అడ్డం వస్తాయని తెలుసుకునే అవసరం పదకొండేళ్లలో ఎప్పుడూ పడలేదు.

ఒంటిగంటన్నరకి రాహేలుకి తట్టింది. పిల్ల తప్పిపోయాననే అనుకోకుండా ఉంటే? అప్పుడు చివరి స్టాపుకి ఎందుకు వస్తుంది? ఆమె వచ్చిన దారినే, ఒక్కో స్టాపు చూసుకుంటూ, నడవడం మొదలుపెట్టింది. కోఠిలో రోడ్డుకి అటువైపు, ఎండలో, పుస్తకం నెత్తిన పెట్టుకుని రజిని నిలబడి ఉంది.

"ఏంది బిడ్డా ఇది? మూడు నంబరు ఒక్కటి రాలేదా?"

"ఏడు వచ్చినయి పెద్దమ్మా. మన బస్సు రాలే."

"ఎక్కకపోయినవా?"

"ఎక్కిన బస్సే తెస్తదని నువ్వే అంటివి కదా. అవి వేరే బస్సులు. నంబరు చూసిన."

రాహేలు అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుని నవ్వింది. తర్వాత పిల్ల భుజం మీద ఒకటి వేసింది. ఎనిమిదో మూడు నంబరులో ఇద్దరూ ఎక్కారు.

హాస్టల్లో అప్పటికి వేరే సంగతి నడుస్తోంది. పది మంది వెళ్ళి తొమ్మిది మందే వచ్చారని బిక్షం చెప్పక తప్పలేదు. వార్డెన్ శ్యామలాంబ గారు, క్యాంపస్‌లో పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసరు, రిజిస్టరు చూశారు. తోడు: వేదవతి. వేదవతికి ఫోన్ చేశారు. వేదవతి రామంతాపూర్‌లో చెల్లెలింట్లో చేయి కడుక్కుంటోంది.

ఆటోలో వచ్చేసరికి వేదవతికి దారిలో ఒక ఆలోచన వచ్చి ఉండాలి. తనకి ఇంకా నాలుగేళ్ల ఉద్యోగం ఉంది. గేటు దగ్గరికి వచ్చి, తనకు చెప్పకుండానే రాహేలు పిల్లల్ని తీసుకెళ్ళిందని చెప్పింది. తన పేరు ఎలా వచ్చిందో తెలియదంది. బిక్షం నేల చూశాడు. అతనూ ఏజెన్సీ మనిషే.

మూడుంబావుకి రాహేలు, రజిని గేట్లోకి వచ్చారు. శ్యామలాంబ గారు వరండాలో నిలబడి ఉన్నారు.

"ఎక్కడికి వెళ్ళావమ్మా? మీ నాన్నగారికి ఫోన్ చేసేశాం. ఆయన అక్కడ బస్సెక్కుతానంటున్నారు."

"నేను తప్పిపోలే మేడం."

"మరి ఈ మూడు గంటలూ ఏం చేశావ్?"

"కోఠిల బస్సు కోసం నిలబడ్డ."

"మూడు గంటలు బస్సు రాలేదా? కోఠిలో?"

"మన బస్సు రాలే మేడం."

బిక్షం మొహం అటు తిప్పుకున్నాడు. శ్యామలాంబ గారికి నవ్వు రాలేదు. ఆవిడ స్థానంలో ఎవరికీ రాదేమో. అచ్చంపేట నుంచి తండ్రి ఏడుపు గొంతు విన్న మనిషి ఆవిడ. రిజిస్టరు తెప్పించుకుని, వేదవతి పేరు కొట్టేసి, పక్కన ఎర్ర ఇంకుతో నాలుగు వరుసలు రాశారు. ఆవిడ లోపలికి వెళ్ళాక రాహేలు బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏం రాసిన్రు బిక్షం?"

"నీ పేరు రాసిన్రు వదినే."

"నా పేరా? చదువు."

"'రాహేలు, స్వీపర్, అనుమతి లేకుండా విద్యార్థినులను బయటికి తీసుకువెళ్ళి, నిర్లక్ష్యం వలన...'"

"ఆగు. పేరు సక్కగ రాసిన్రా?"

"సక్కగనే ఉన్నది."

"ఏడ? వేలు పెట్టి చూపెట్టు."

అతను చూపించాడు. పదకొండేళ్లలో ఆ రిజిస్టరులోకి ఆమె పేరు రావడం అదే మొదలు.

రెండు రోజుల్లో ఏజెన్సీ ఆమెని మెట్టుగూడలో ఒక ఆఫీసు ఊడ్చే పనికి మార్చింది. కొత్త పిల్లల ఆదివారాలు ఆగిపోయాయి. వాటి బదులు నోటీసు బోర్డు మీద రంగుల కాగితం ఒకటి అంటించారు. 'మన నగరంలో విద్యార్థులు తప్పక చూడవలసిన పది ప్రదేశాలు.' కోట, మ్యూజియం, సరస్సు, అన్నీ ఉన్నాయి. ఫోటోలు బాగున్నాయి. తార్నాకలో ఏ బస్సు ఎక్కాలో మాత్రం లేదు.

ఇలాంటి కాగితాలు రాసేవాళ్ళకి ఒక మాట. ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు నగరాన్ని చూడకపోవడానికి కారణం, ఏం చూడాలో తెలియకపోవడం కాదు. గోల్కొండ పేరు వాళ్ళు నాలుగో తరగతిలోనే చదివారు. వాళ్ళకి లేనిది, పక్కన నిలబడి 'గిది ఎక్కు' అనే మనిషి. బస్సులో తప్పు స్టాపు అడిగితే పక్కవాళ్ళు నవ్వుతారన్న భయం ఏ కాగితంతోనూ పోదు. అది పోగొట్టే పని తెలిసిన మనిషిని ఆ హాస్టలు మెట్టుగూడకి పంపేసింది.

రజిని ఊరుకోలేదు. తన వల్లే ఇదంతా అని ఆ పిల్ల నాలుగు రోజులు సరిగా తినలేదు. తర్వాత అక్షరతో కలిసి వార్డెన్ దగ్గరికి వెళ్ళింది.

"మేడం, పదకొండేండ్ల నుంచి పెద్దమ్మనే తీస్కపోతున్నది. కొత్తగ కాదు."

"అలా అని ఎవరంటున్నారు? రిజిస్టరులో ప్రతిసారీ వేదవతి గారి పేరే ఉందమ్మా."

"అదే కదా మేడం తప్పు," అంది అక్షర.

శ్యామలాంబ గారు అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "వేదవతి గారిని నేను అడిగాను. ఆవిడ కాదంటోంది. ఆవిడ మాట కాదనాలంటే నాకు ఆధారం కావాలి కదా."

అమ్మాయిలిద్దరూ లాలాపేట్ వెళ్ళి బిస్కెట్ డబ్బా తెచ్చారు. శ్యామలాంబ గారి బల్ల మీద బోర్లించారు. వందల చీటీలు. ఆవిడ అద్దాలు పెట్టుకుని ఒక్కోటి తిప్పి చూశారు. ఈ ఏటివి, పోయినేటివి చదవగలిగేలా ఉన్నాయి. అంతకు ముందువన్నీ తెల్లబడిపోయాయి. బస్సు మిషన్ చీటీ మీది అక్షరాలు కొన్నాళ్లకి ఎగిరిపోతాయి. ఎనిమిది తొమ్మిదేళ్ల ఆదివారాలు అక్కడ వట్టి తెల్ల కాగితం ముక్కలుగా పడి ఉన్నాయి.

"ఉన్నవాటి మీద కూడా తేదీ ఉంది, ఎక్కడ ఎక్కారో ఉంది," అన్నారు ఆవిడ. "ఎవరెక్కారో లేదు కదమ్మా."

"మరేం తేవాలి మేడం?" అంది రజిని.

"ఆమెతో వెళ్ళిన వాళ్ళు చెప్పాలి. మీరిద్దరు కాదు. పాతవాళ్ళు. ఇన్నేళ్లలో ఏ ప్రమాదమూ లేకుండా ఆమె తీసుకెళ్ళి తీసుకొచ్చిందని వాళ్ళు రాసిస్తే ట్రస్టు ముందు పెడతాను. కొత్త అడ్మిషన్లకి ముందు మీటింగ్ ఉంటుంది. ఆ తర్వాత నా చేతుల్లో లేదు."

వెళ్ళబోతుంటే ఆవిడ మళ్ళీ పిలిచారు.

"ఆ పుస్తకం కొన్నావా ఇంతకీ?"

"కొన్న మేడం. పాత ఎడిషన్ ఇచ్చిండు."

ఇప్పుడు రాహేలు రోజూ మెట్టుగూడలో పని చేస్తోంది. ఆదివారం ఆరాధన కాగానే తార్నాక స్టాపుకి వచ్చి కూర్చుంటుంది. మూడు నెలలు నిండిన పిల్లలకి తోడు అక్కర్లేదు కాబట్టి రజిని, ఇంకొందరు వచ్చి కలుస్తారు. ఏ బస్సు ముందొస్తే అది ఎక్కుతారు. రజినికి ఇప్పుడు ఆమె ఒక కొత్త నియమం చెప్పింది: "ఏ బస్సైనా ఒకటే బిడ్డా. ముంగట నంబరు చూడు, ఎనక నంబరు ఇడిసిపెట్టు." తను మాత్రం ఇంకా వెనక నంబరే చూస్తుంది.

కానీ రాబోయే బ్యాచ్‌కి ఇది కూడా దొరకదు. వాళ్ళు మూడు నెలలు గేటు లోపల కూర్చుని రంగుల కాగితం చూస్తారు. భయం పోవడానికి మొదటి మూడు నెలలే ముఖ్యం. ఆ తర్వాత చాలామందికి అది అలవాటవుతుంది. మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల పీజీ, క్యాంపస్‌కీ హాస్టల్‌కీ మధ్య నడిచి ముగించి వెళ్ళిపోయిన వాళ్ళు ఈ హాస్టలు చరిత్రలో తక్కువేమీ కాదు.

వేదవతి గారిని ఇందులో దోషిగా నిలబెట్టడం తేలిక. నాకు ఆ ఉద్దేశం లేదు. ఒక పని చేసే మనిషి పేరు రాయడానికి వీల్లేని రిజిస్టరు గీసిన వాళ్ళని అడగాలి. పని జరిగినన్నాళ్లూ స్టాఫ్ పేరు, తప్పు జరిగిన రోజు స్వీపర్ పేరు. ఆ గడి అట్లా పని చేసేలాగే గీసి ఉంది.

అందుకని ఈ వ్యాసం చదువుతున్న వాళ్ళలో సుబోధినీ హాస్టల్లో ఉండి వెళ్ళిన వాళ్ళెవరైనా ఉంటే, మీకు ఒక పని. ఈ పదకొండేళ్లలో రాహేలు వెంట మూడు నంబరు ఎక్కిన వాళ్ళు వందమంది పైనే ఉంటారు. మీలో టీచర్లున్నారు, బ్యాంకుల్లో ఉన్నారు, ఇప్పుడు పిల్లల తల్లులున్నారు. ఒక కాగితం తీసుకోండి. మీ పేరు, ఏ ఏడు చేరారో, రిజిస్టరులో ఎవరి పేరు రాసినా మిమ్మల్ని నిజంగా తీసుకెళ్ళింది ఎవరో, రెండు వరుసల్లో రాసి సంతకం చేయండి. వార్డెన్, సుబోధినీ విద్యార్థినుల వసతి గృహం, తార్నాక అని చిరునామా రాసి పోస్టులో వేయండి. అడ్మిషన్లు మొదలయ్యే లోపు అందాలి. ఫోన్లో రాస్తే ఎవరో ఒకరు చెరిపేస్తారు. కాగితం మీదే రాయండి, పెన్నుతో.

మిగతా వాళ్ళు మీ కాలేజీలో, మీ హాస్టల్లో, మీ ఆఫీసులో అలాంటి రిజిస్టరు ఎక్కడుందో రేపు ఒకసారి తెరిచి చూడండి. అందులో ఉన్న పేరూ, పని చేసిన మనిషీ ఒకరేనా అని అడగండి. కాకపోతే ఆ రోజే సరిచేయించండి.

పాత విద్యార్థినులకి రాహేలు ఒక మాట చెప్పమంది. పేర్లు చెబితే తనకి అందరూ గుర్తురాకపోవచ్చట. "ఏ బస్సుల పోయినమో, ఆ పొద్దు ఏం చూసినమో జెర రాయమను," అంది. "చదివి వినిపిస్తే యాదికొస్తరు."